ముప్పై ఆరో నంబరు రన్‌వే

1969లో తెలంగాణ ఉద్యమం వల్ల బడులు నెలల తరబడి మూతపడినప్పుడు నేను వికారాబాద్ గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టాను. బడులు తెరిచాక చాలామంది వెనక్కి వెళ్లారు. నేను వెళ్లలేదు. ఇంగ్లిషు, భూగోళం, కరెంటు ఎలా పుడుతుంది, తిమింగలం ఊపిరి ఎలా పీలుస్తుంది, నాకు తెలిసినవన్నీ ఆ రెండు గదుల్లో నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నవే. ఆ సంగతి ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి.

ఎనభైల చివర్లో తాండూరులో ఒక నాపరాళ్ల పాలిషు యూనిట్లో గుమాస్తాగా ఉండేవాణ్ణి, వికారాబాద్ నుంచి రైల్లో వెళ్లి వచ్చేవాణ్ణి. అక్కడ నాకొక స్నేహితుడు, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఒక వేసవిలో అతని బామ్మర్ది గల్ఫ్ నుంచి సెలవు మీద వస్తూ ఒక చిన్న కంప్యూటరు తెచ్చాడు. బడిపిల్లల పలక కంటే పెద్దది కాదు. దాన్ని టీవీకి తగిలించి, టేప్‌రికార్డరులో క్యాసెట్టు పెడితే ఐదారు నిమిషాలు కీచుమని అరిచేది. ఆ తర్వాత తెర మీద విమానం ముందు అద్దం కనిపించేది. పైన ఆకాశం, కింద నేల, ఇంకా కింద ముళ్లు తిరిగే డయళ్లు. మీటలు నొక్కుతూ విమానాన్ని రన్‌వే దాకా నడిపి దింపాలి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ ఆ కీచు నుంచి మొదలు.

బామ్మర్ది దాన్ని అక్క ఇంట్లో వదిలి, బషీరాబాద్‌లో తల్లిదండ్రుల దగ్గరికి వెళ్తూ బావతో పందెం పెట్టాడు.

"దూలాభాయ్, నెలకు వస్త. నా కండ్ల ముంగట ఒక్కసారి దించు, డబ్బా మీ ఇంట్లనే ఉంటది. లేకుంటే నా ఎంబడి దుబాయ్ పోతది."

నా స్నేహితుడికి ఆ యంత్రం మీద ఎంత ఆశ పుట్టిందంటే, మరుసటి రోజే మా యూనిట్‌కు వచ్చాడు. "అన్నా, నువ్వు బుక్కులు సదివినోనివి. జర నువ్వే తొవ్వ చూపియ్యాలె" అన్నాడు.

క్యాసెట్టుతో పాటు ఒక మడత కాగితం ఉంది. అందులో చిన్న పటం. రన్‌వే నిలువుగా ఒక గీత, పక్కన 36 అని అంకె. రన్‌వేకు దక్షిణంగా నాలుగు మైళ్ల దూరంలో ఒక చుక్క, అది రేడియో స్తంభం. డయళ్లలో ఒకటి ఆ స్తంభం ఎటు ఉందో చూపుతుంది. ఇంకొకటి రన్‌వేకు తిన్నగా వస్తున్నామా లేదా చెబుతుంది.

అంకె సంగతి తేల్చడానికి గ్రంథాలయానికి వెళ్లాను. విజ్ఞాన సర్వస్వం ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. 36 అంటే 360 డిగ్రీలు, అంటే ఉత్తరం. ఆ వాక్యం నోటుబుక్కులో రాసుకుని, వాళ్లు తలుపులు మూసే వేళ కావడంతో లేచి వచ్చేశాను.

ఆదివారం తాండూరులో స్నేహితుడి ఇంట్లో దాన్ని విడమర్చి చెప్పాను. "మీ ఇల్లు ఏ దిక్కు గుమ్మం?"

"ఉత్తరం దర్వాజ."

"మరి లోపటికి ఎటు నుంచి వస్తరు? ఉత్తరం నుంచే గద. గిది గూడ గట్లనే, ఉత్తరం రన్‌వే. స్తంభం మీదికెళ్లి దాటి, రన్‌వే గూడ దాటి, ఉత్తరం దిక్కు పోయి మర్లి రావాలె."

అప్పటికే నేను అద్దె ఇళ్లు నాలుగు మారాను. ప్రతిచోటా మొదట అడిగింది గుమ్మం సంగతే. అందుకే నాకు అందులో అనుమానించడానికి ఏమీ కనిపించలేదు.

మూడు ఆదివారాలు అలా గడిచాయి. స్తంభం దొరికేది. రన్‌వే తెర మధ్యలోకి నిటారుగా వచ్చేది. మేము దాని మీది నుంచి దాటిపోయి, ఉత్తరాన మలుపు తిప్పేసరికి అది ఓ మూలకు పడిన పుల్లలా అడ్డంగా కనిపించేది. కుడికి తిప్పితే ఎడమకు జారేది. ఎడమకు తిప్పితే కుడికి. తిన్నగా వస్తున్నామా లేదా చెప్పే ముల్లును ఆ మలుపు తర్వాతే చూసేవాళ్లం, అది కదిలేదే కాదు.

"అన్నా, గీ ముల్లు సచ్చిపోయింది" అన్నాడు స్నేహితుడు.

"నలుపు తెలుపు టీవీ గద, రంగుల టీవీల అయితే కదులుతదేమో" అన్నాను.

అతని భార్య వంటగది గుమ్మంలో నిలబడి చూసేది. "భాయ్, మొదలు వచ్చినప్పుడే సీదా ఉన్నది గద, అప్పుడే దించుండ్రి. ఇంటి ముంగట దాకా వచ్చి మళ్ల ఎందుకు పోతరు?"

"గట్ల కాదు భాభీ, బుక్కుల ఉన్నది."

"బుక్కుల ఉన్నదా? అయితే మీ విమానం బుక్కులనే దిగుతది" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆఖరి ఆదివారానికి ముందు గురువారం మళ్లీ అదే సంపుటం తీశాను. ముల్లు గురించి ఏమైనా దొరుకుతుందేమోనని. నేను రాసుకున్న వాక్యం కిందనే ఇంకో వాక్యం ఉంది. ఆ అంకె, దిగేటప్పుడు విమానం ముక్కు ఎటు చూస్తుందో ఆ దిక్కు. అంటే దక్షిణం నుంచి, స్తంభం మీదుగా, నేరుగా రావాలి. దారి చూపే సంకేతం కూడా ఆ వైపుకే ఉంటుంది. రెండోసారి చదివాను. మూడోసారి నిఘంటువుతో చదివాను. అర్థం మారలేదు.

ఆదివారం వెళ్లేసరికి బామ్మర్ది వచ్చి కూర్చున్నాడు. మూడు గంటల బస్సుకు పోవాలట. యంత్రం తప్పని చెప్పి ఊరుకోవచ్చు, ఇద్దరూ నమ్మేవారు. క్యాసెట్టు కీచుమంటుండగా చెప్పేశాను.

"తప్పు డబ్బాది కాదు. నాది. నేను ఒక్క ముక్క సదివి లేచిన. స్తంభం దిక్కు నుంచే రావాలె."

బామ్మర్ది నవ్వాడు. "నెల దినాలు ఎనక దర్వాజ కాడ నిలబెట్టినవన్న మాట, సాబ్!"

భాభీ వంటగది గుమ్మం వదిలి వచ్చి టీవీ ముందు కూర్చుంది.

స్నేహితుడు మీటల మీద వేళ్లు పెట్టాడు. స్తంభం దాటగానే చచ్చిందనుకున్న ముల్లు కదిలింది, ఊగింది, నడుమకు వచ్చి ఆగింది. రన్‌వే రెండు తెల్ల గీతలుగా తెర మధ్యలో నిలబడి, మెల్లగా వెడల్పయింది. అది ఎటూ జారలేదు. మేమిద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. ఎత్తు తగ్గించాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. అంతకు ముందెప్పుడూ ఆ అవసరం దాకా వచ్చినవాళ్లం కాదు. గీతలు తెర కిందికి, సరిగ్గా నడుమ నుంచి, జారిపోయాయి.

"ఇంకొక్కసారి" అన్నాడు స్నేహితుడు.

"బస్సు ఉన్నది, దూలాభాయ్." బామ్మర్ది నొచ్చుకుంటూనే వైర్లు పీకాడు. డబ్బాను తువ్వాలులో చుట్టుకున్నాడు.

నన్ను స్టేషన్ దాకా దింపడానికి స్నేహితుడు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. క్షమించమని అడుగుదామనుకుని మాట కోసం వెతుక్కుంటున్నాను. గేటు దగ్గర అతనే ఆగాడు.

"అన్నా, సీదా ఉండె గద?"

"సీదానే ఉండె" అన్నాను.