జాగా కిరాయి మిగిల్చిన వీరుడు

నా జీవితంలో నేను చేసిన తెలివైన పనులన్నీ ఒక అగ్గిపెట్టెలో పడతాయి, ఇంకా పుల్లలకు చోటు మిగులుతుంది. తెలివితక్కువ పనులకు మాత్రం ఖమ్మం మిర్చి గోదాములు కూడా చాలవు. ఇవాళ అందులోంచి అతి బరువైన బస్తా విప్పుతున్నాను. రోజుకు రెండు రూపాయలు మిగుల్చుకోబోయి ఒక గూడెం గూడెమంతటి ముందు ముద్దాయిగా నిలబడిన కథ ఇది. గుండె చిక్కబట్టుకోండి.

ఎనభైల నాటి మాట. శత్రువుల మీదికి గర్జిస్తూ దూకిన మిలిటరీ జీపును నేను వేలంలో కొన్నాను. సరే, మీ దగ్గర దాపరికమెందుకు? అది ఏదో సర్కారు ఆఫీసు వదిలించుకున్న జీపు. అది చూసిన యుద్ధాలన్నీ రోడ్డు గుంతలతోనే. దాన్ని నమ్ముకుని బోనకల్లో రైసుమిల్లు గుమాస్తా ఉద్యోగం మానేశాను. భద్రాచలం దారిలో మనుషుల్ని ఎక్కించుకుని తిప్పుతానని, ఎండాకాలం వెళ్ళేలోగా సంపాదన చూపించలేకపోతే మిల్లు యజమాని కాళ్ళు పట్టుకుని పాత కుర్చీలో కూర్చుంటానని మా ఆవిడకు మాటిచ్చాను.

మాటిచ్చిన మూడో రోజే, పాల్వంచ దాటి అడవిలోకి దిగగానే, గేరుబాక్సు గట్టిగా మూలిగి ప్రాణం విడిచింది. ఒక లారీవాడు తాడు కట్టి లాక్కెళ్ళి ఆ దారిలోనే ఉన్న సుబ్బారావు షెడ్డు ముందు పడేశాడు. సుబ్బారావు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ మెకానిక్కు. సామాను విజయవాడ నుంచి రావాలన్నాడు. పదిహేను రోజులాగి వెళితే సామాను రాలేదు గానీ, చీటీ తయారుగా ఉంది. జాగా కిరాయి, రోజుకు రెండు రూపాయలు.

“రెండు రూపాయలా? నా జీపేమన్న నీ ఇంట్ల అన్నం తింటున్నదా?”

“అన్నం తినదండి. జాగా తింటుంది.”

“గింత నీడ గూడ లేదు. ఎండల పెట్టినందుకు నువ్వే నాకియ్యాలె!”

“అట్టాగే. నీడ ఎక్కడుంటే అక్కడే పెట్టుకోండి మరి.”

గంటసేపు అరిచి కిరాయి సగానికి తెగ్గొట్టాను. గొంతు పూర్తిగా పోగొట్టుకున్నాను. అప్పుడు కనబడింది, రోడ్డుకు అవతల గొడుగు పట్టినట్టు ఒక ఇప్పచెట్టు. కింద నేల పెళ్ళివారి కోసం ఊడ్చినట్టుంది, ఒక్క ఎండుటాకు లేదు. ఆహా, నా జీపు వస్తుందని అడవే చీపురు పట్టింది అనుకున్నాను. అడవులు తమంతట తాము ఊడ్చుకోవన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. నలుగురు లారీ క్లీనర్లను పిలిచి జీపును అక్కడికి తోయించాను.

“అక్కడ పెడతారాండీ?” అన్నాడు సుబ్బారావు.

“అవ్, ఆడనే. అడవి ఎవ్వని జాగీరు?”

అతను నవ్వి, పానా తీసుకుని పనిలోకి వెళ్ళిపోయాడు.

మూడు వారాల తర్వాత సామాను వచ్చిందని కబురందితే పరుగెత్తాను. ఈలోగా ఇప్పపువ్వు కాలం వచ్చేసింది. ఆ చుట్టుపక్కల గూడేల్లో ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిది. పువ్వు రాలకముందే ఆ ఇంటి ఆడవాళ్ళు చెట్టు కింద ఊడ్చి పెట్టుకుంటారు. రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, సంతలో అమ్ముకుంటారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వాళ్ళుంటారు గానీ, చెట్టు పేరు అడక్కుండా జీపు పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. గుడ్డ టాపు మీద బుట్టెడు పువ్వు రాలి, వానకు తడిసి, పులిసి, జీపు విందు నుంచి తిరిగొచ్చిన మేనమామలా గుప్పున వాసన కొడుతోంది. దాని ముందు ఖాళీ గంపతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు ముత్తమ్మ.

“ఈ బండి నీదేనా బిడ్డా?”

“నాదే!” అన్నాను, విమానం కొన్నవాడిలా.

“మంచిగైంది. ఇన్ని దినాల సంది నీకోసమే చూస్తున్న. నా పువ్వంత నీ బండి నెత్తి మీద పడ్డది. కింద పడ్డదాని మీద నీ బండి నూనె కారింది. నా జాగ కిరాయి ఇయ్యి.”

మళ్ళీ అదే మాట!

“అవ్వా, చెట్టు మీద నీ పేరు రాసున్నదా?”

“నీ బండి మీద నీ పేరు రాసున్నదా?”

నేను రంగు వేయించలేదు. సుబ్బారావు సాయం చేస్తున్నట్టు ముందుకొచ్చి, జీపు పక్కన ఉన్న తెల్లక్షరాలు గట్టిగా చదివాడు: “ప్రభుత్వ వాహనం.” అప్పటికే చేరిన గూడెమంతా గొల్లుమంది.

“చెట్టు ఆమెదని ముందే చెప్పొద్దా, సుబ్బారావ్?”

“మీరు అడగలేదు కదండీ. వాదించారు.”

సుబ్బారావు సామాను బిగిస్తుండగా పంచాయతీ కూర్చుంది. బెదరగొడితే వదిలేస్తారనుకుని ఛాతీ విరిచాను. “ఇది మామూలు బండి అనుకుంటున్నరా? పది మందిని ఎక్కించుకుని ఉరుకుతది!”

“పది మందినా?” అన్నాడు గూడెం పెద్ద ఆసక్తిగా. “మరి సంతకు గంటల పోతదా?”

“గంటెందుకు, అరగంట!”

“అయితె అయిపాయె. నడిస్తె మాకు సగం పొద్దు పడ్తది. వచ్చేయేడు పువ్వు రాలేదాక ముత్తమ్మను, ఆమె గంపను ప్రతి సంతకు తీస్కపో, తీస్కరా. గదే కిరాయి.”

ధర్మానికి తల వంచానని చాలామందికి చెప్పుకున్నాను. అబద్ధం. స్టార్టు కాగానే ఖమ్మం వైపు పారిపోదామనుకున్నాను. కానీ బ్యాటరీ చచ్చింది, జీపును తోయాలి. తోయాల్సిన వాళ్ళు తీర్పు చెప్పినవాళ్ళే.

“ముందు ఒప్పుకో, తర్వాత నూకుతం,” అన్నాడు పెద్ద.

ఒప్పుకున్నాను.

మొదటి సంత రోజు ముత్తమ్మ ముందు సీట్లో కూర్చుంది. వెనక తొమ్మిది మంది, తొమ్మిది గంపలు.

“అవ్వా, వీళ్ళంత ఎవరు?”

“టికెట్లు బిడ్డా. పైసలియ్యంది నేనొక్కదాన్నే. వాళ్ళిస్తరు. ఎంతియ్యాల్నో నేనే చెప్పిన. నువ్వైతె ఎక్కువడుగుతవ్.”

తర్వాతి సంతకు టాపు మీద కూడా కూర్చున్నారు. ఎండాకాలం వెళ్ళేసరికి మా ఆవిడ మిల్లు మాట ఎత్తడం మానేసింది.

మరుసటి ఏడు పువ్వు రాలింది. ఆ వారం సంతకు బయల్దేరేముందు పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను.

“అవ్వా, కిరాయి తీరింది. ఇయ్యాల్టి నుంచి నువ్వు గూడ టికెట్ కొనాలె.”

“గట్లనా?” అని గంప తీసుకుని దిగింది. వెనక ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు.

“మీరెందుకు దిగుతున్నరు?”

“ఆమె ఎక్కని బండి మేమెట్ల ఎక్కుతం?”

నా భుజం మీది తువ్వాలుతో ముందు సీటు తుడిచాను. “కూసో అవ్వా. ఊకె పరాచికమాడిన.”

ముప్పై రూపాయల కిరాయిలో పదిహేను మిగిల్చిన వీరుణ్ణి, జీపు బతికినన్నాళ్ళూ ఆమెను ఉచితంగా తిప్పాను. ఆ జీపే మా ఇంట్లో పొయ్యి వెలిగించిందనుకోండి, అది వేరే సంగతి.

కనుక, ఈ తెల్లజుట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో జాగా కిరాయి మీద ఎవరితోనూ వాదించను. అడిగినంత కట్టి, దండం పెట్టి వెళ్ళిపోతాను. కాకపోతే కట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, తొమ్మిది టికెట్లను వెంటబెట్టుకుని ఏ అవ్వైనా వస్తోందేమోనని అటూ ఇటూ చూస్తాను. అది వాదన కిందికి రాదు.