తిండి వేయని చోట సొరచేప

మా ఆవిడ సత్యవతికి సొరచేపను బతికుండగా చూడాలనిపించింది. ఈ ప్రయాణానికి అంతకు మించిన కారణం లేదు.

మోకాళ్ళ నొప్పులకు ఈత మంచిదని డాక్టరు చెబితే, యాభై దాటిన తర్వాత మలేషియాలో మేముండే క్లాంగ్‌లో ఒక ఈతకొలనులో ఆడవాళ్ళకు కేటాయించిన వేళల్లో ఈత నేర్చుకుంది. మొదట్లో గట్టు వదిలేది కాదట. ఏడాది తిరిగేసరికి కళ్ళకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతూ కొలను ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళిరావడం వచ్చేసింది. ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి అంది:

"పిల్లలు పుట్టినప్పుడు మా అమ్మ నాకు పూటపూటకీ సొరసేప పిట్టే పెట్టినాది, పాలు పడతాయని. ఇద్దర్నీ ఆ పాలతోనే పెంచినాను. ఒక్కసారైనా అది ఈదుతుంటే సూడొద్దేటి?"

సైబర్‌జయలో పనిచేసే మా చిన్నమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం ఇంగ్లీషులోకి పారిపోతుంది. అమ్మ మాట విని, అక్కడే ఫోన్‌లో వెతికి ఒక దీవిలో గది ఖాయం చేసేసి "డన్ లా, నాన్నా" అంది, ఇక్కడి అలవాటు ప్రకారం మాటకి ఒక 'లా' తగిలించి. తూర్పు తీరంలోని మెర్సింగ్ రేవు నుంచి పడవలు వెళ్ళే దీవులు చాలా ఉన్నాయి. మేం వెళ్ళింది ఏ దీవికో, ఏ రిసార్టుకో రాయను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నా సంగతీ చెప్పాలి. పోర్ట్ క్లాంగ్‌లో ఓడల ఏజెంటు ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పని చేసినన్నాళ్ళూ సముద్రం నా కిటికీలోంచి కనబడుతూనే ఉండేది, క్రేన్లకీ కంటెయినర్లకీ మధ్య ఉన్న సందులో. కానీ నాకు ఈత రాదు. మోకాలు దాటి సముద్రంలో దిగిన గుర్తు కూడా లేదు.

జూన్ నెలలో బయల్దేరాం. ఆ వైపు దీవులకు వెళ్ళాలనుకునేవాళ్ళు మార్చికీ అక్టోబరుకీ మధ్యనే చూసుకోవాలి. తర్వాత వర్షాకాలం; సముద్రం పొంగి పడవలు దాదాపు ఆగిపోతాయి. తెల్లవారకముందే కమ్యూటర్ రైలెక్కి, కౌలాలంపూర్‌లోని కేఎల్ సెంట్రల్‌లో మారి దక్షిణం వైపు వెళ్ళే బస్సుల టెర్మినల్‌కి చేరాం. బస్సు తొమ్మిదికి. టికెట్లు ముందే కొనుక్కోవడం మంచిది, శని ఆదివారాల్లో సీట్లుండవు. ఏసీ చలికి ఒక శాలువ తప్పనిసరి.

మా పక్క వరుసలో ఒక తమిళావిడ కూర్చుంది. క్లువాంగ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళుతోంది. ఎక్కడికని అడిగితే సత్యవతి దాచుకోకుండా చెప్పేసింది. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

"సొరను చూడ్డానికి ఇంత దూరమా? మార్కెట్లో ముక్కలు కోసి అమ్ముతున్నారు కదమ్మా" అంది తమిళంలో.

సత్యవతి కూడా తమిళంలోనే, "ముక్కలు చూసీ చూసీ విసుగొచ్చే బయల్దేరానక్కా" అంది.

ఆవిడ చాలాసేపు నవ్వుకుంది. మధ్యలో బస్సు ఆగినచోట రొట్టి చనాయ్ అనే పొరల పరోటా తిని, నురగ టీ తాగి మళ్ళీ ఎక్కేటప్పుడు మా సీట్లో రెండు అరటిపళ్ళు పెట్టి ఉన్నాయి. క్లువాంగ్‌లో దిగుతూ, "చెయ్యి మాత్రం నీళ్ళలో ముందుకు చాపకు" అని హెచ్చరించింది.

మూడింటికి మెర్సింగ్. అక్కడ నది సముద్రంలో కలిసేచోట లోతు తక్కువ. పోటు వస్తేనే పడవ కదులుతుంది. కాబట్టి టికెట్ మీద అచ్చువేసిన టైమును నమ్మకండి. ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. మా పడవ నాలుగున్నర దాటాక కదిలింది. అలలకు లోపలున్న వాళ్ళందరూ కిక్కురుమనకుండా కూర్చున్నారు. ఈత రాని నేను వాంతి చేసుకున్నాను. ఈతగత్తె నా వీపు నిమిరింది.

రిసార్టు అంటే కొబ్బరిచెట్ల కింద పదిహేను ఇరవై చెక్క ఇళ్ళు, ఒక భోజనశాల, పడవలు ఆగే ఒక పొడుగాటి చెక్క వంతెన. మంచాలు శుభ్రంగా ఉన్నాయి. భోజనం కూడా బాగుంది. చేప వద్దనుకున్నవాళ్ళకి గుడ్డు కూర, కూరగాయలు చేసిపెడతారు. భోజనశాల గోడమీద రంగుల బోర్డు ఒకటి: సొరల విందు, రోజూ మధ్యాహ్నం. దాని కింద ఇంకో బోర్డు: ప్రకృతిని ప్రేమించండి, ప్లాస్టిక్ వాడకండి.

మర్నాడు పదకొండున్నరకు పడవెక్కించారు. డైవ్ గైడ్ పేరు సురాయా. తెరెంగాను నుంచి వచ్చింది, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నిదానంగా, ఒక్కొక్కరి కళ్ళలోకి చూస్తూ చెప్పింది. డైవర్లు అడుగున ఇసుకలో వలయంగా మోకాళ్ళ మీద కూర్చోవాలి. మధ్యలో తను ఇనుప జాలీ గ్లవ్ వేసుకుని పెట్టెలోంచి చేపముక్కలు అందిస్తుంది. సిలిండర్ లేనివాళ్ళు పైన తాడు పట్టుకుని తేలుతూ చూడాలి. సత్యవతి పైనున్న వాళ్ళలో ఒకతె. నేను పడవలో, లైఫ్ జాకెట్ బిగించుకుని.

పడవ ఆగేచోటు దగ్గరపడి ఇంజిన్ చప్పుడు మారగానే నీళ్ళలో నీడలు కదిలాయి. ఎవరూ ఇంకా ఏమీ వేయలేదు.

"చప్పుడు వింటే చాలు, పిల్లుల్లా వస్తాయి" అన్నాడు పడవవాడు ముచ్చటగా.

నల్ల రెక్కల సొరలు. నా చేతులు బారచాపితే ఎంతో అంత పొడవు. నీళ్ళు అద్దంలా ఉండటంతో పై నుంచే కనబడుతున్నాయి. పడవ చుట్టూ తిరిగాయి, తర్వాత సురాయా వెనకాలే అడుగుకు దిగాయి. తాడు పట్టుకున్న వాళ్ళు గొట్టాల్లోంచే ఆనందంతో కేకలు పెడుతున్నారు. సత్యవతి గొట్టం మాత్రం కదలకుండా నిలబడి ఉంది.

పది నిమిషాలయ్యాక ఏమైందో నాకు పైనుంచి పూర్తిగా తెలియలేదు. పెట్టె మూత ఊడిందని తర్వాత చెప్పారు. చేపముక్కలు నీటి వాలులో చెదిరి పైకి లేచాయి, వాటితో పాటు సొరలూ లేచాయి. తాడు ఒక్కసారి కిందికి గుంజుకుపోయింది. ఎవరో అరిచారు. తాడు చివర నీళ్ళు తెల్లగా చిమ్మాయి, అక్కడున్నది సత్యవతి. నేను పడవ అంచు మీద మోకాలు పెట్టాను. దూకితే మునుగుతానని తెలుసు. పడవవాడు నా జాకెట్ పట్టుకుని వెనక్కి లాగి, రెండో చేత్తో ఆమెను పైకి లాగాడు.

ఆమె చెక్క మీద కూర్చుని అద్దం తీసింది. కుడికాలికి తొడుక్కున్న రబ్బరు రెక్క చివర నెలవంక ఆకారంలో తెగిపోయి ఉంది. కాలికి గీత కూడా పడలేదు.

"ఏటీ కాలేదండీ. రబ్బరే కొరికినాది" అంది. తువ్వాలు తెచ్చి ఆమె భుజాల మీద కప్పాను.

సాయంత్రం సురాయా మా చెక్క ఇంటి మెట్ల దగ్గరికి వచ్చింది. క్షమాపణ చెప్పింది. కూర్చోమంటే మెట్టు మీదే కూర్చుంది. అక్కడితో వెళ్ళిపోతుందనుకున్నాను. సత్యవతి మాత్రం ఆమెను మలయ్‌లో అడిగింది, "ఇన్నాళ్ళుగా పెడుతున్నావు. నీకేమనిపిస్తుంది?"

"మా నాన్న సొరలను పట్టేవాడు. నేను తిండి పెడుతున్నాను. మొదట్లో గర్వంగా ఉండేది" అంది సురాయా. "వీటిని చూడ్డానికే జనం వస్తారు కాబట్టి ఇక్కడ ఎవరూ వీటిని చంపరు. అది అబద్ధం కాదు. కానీ ఇప్పుడు ఇంజిన్ చప్పుడంటే వాటికి తిండి. ఏ ఇంజిన్ అయినా సరే. దీవి దాటి బయట వేటపడవలు తిరుగుతాయి కదా, వాటి దగ్గరికీ అలాగే వెళ్తాయి. పోయినేడు ఒకటి మూతికి గాలం వేలాడుతూ నా దగ్గరికి వచ్చింది. దాన్ని నేను గుర్తుపట్టాను. ఆ తర్వాత రాలేదు."

"మరి మానెయ్యొచ్చు కదా" అన్నాను.

"నేను మానితే ఇంకొకరు పెడతారు అంకుల్. నేనైతే కాస్త జాగ్రత్తగా పెడతాను అనుకునేదాన్ని" అని, తెగిన రెక్క వైపు చూసింది.

ఆమెను తప్పు పట్టాలో జాలిపడాలో నాకు తెలియలేదు. ఆ బోర్డు చూసి టికెట్ కొన్నవాళ్ళలో మేమూ ఉన్నాం.

"తిండి పెట్టకపోతే కనబడవా?" అంది సత్యవతి.

"దీవి వెనక వైపు లోతు తక్కువున్న చోటు ఒకటి ఉంది. అటు ఎవరూ పెట్టరు. కనబడొచ్చు, కనబడకపోవచ్చు. రేపు పొద్దున్న నాకు పని లేదు. ఇంజిన్ దూరంగా ఆపేసి తెడ్లేసుకుంటూ వెళ్దాం, మీకు ఇష్టమైతే."

ఆమె వెళ్ళాక నేను ఖచ్చితంగా చెప్పేశాను. రేపు మొదటి పడవకే తిరిగి వెళ్తున్నాం. కాలు దక్కింది కాబట్టి సరిపోయింది. పిల్లలకి నేనేం జవాబు చెప్పుకునేవాణ్ణి?

"మీరు ఎళ్ళండి. నేను ఎల్లుండి వస్తాను" అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఎక్కిన బస్సు ఆమె ఎక్కకపోవడం ఎప్పుడూ జరగలేదు. ఆమె మాటలో కోపం కూడా లేదు, అదే నన్ను ఇబ్బంది పెట్టింది.

"అంత జరిగాక కూడానా?"

"అది నన్ను కరవడానికి రాలేదండీ. ముక్క కోసం వచ్చినాది. మనమే నేర్పినాం. నేర్పనిదాన్ని సూసి ఎళ్దాం లా." తర్వాత గొంతు తగ్గించి, "నాకూ బయ్యంగానే ఉంది. బయ్యంతోనే ఇంటికి పోతే మళ్ళీ కొలనులో కూడా దిగను" అంది.

పొద్దున్న ఆమె లేచేసరికి నేను లైఫ్ జాకెట్ వేసుకుని వాకిట్లో ఉన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నేను మరిచిపోయిన జాకెట్ కింది పట్టీ బిగించింది.

దీవిని చుట్టి వెళ్ళాక సురాయా ఇంజిన్ ఆపేసింది. తెడ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. లోతు నా గుండెల దాకా, అడుగున ఇసుక, అక్కడక్కడ పగడపు దిబ్బలు. "మీరు పడవలోనే ఉండొచ్చు అంకుల్" అంది సురాయా. నేను దిగాను. ధైర్యంతో కాదు. నిన్న పడవ అంచు మీద నిలబడ్డట్టు మళ్ళీ నిలబడలేక దిగాను.

గొట్టంలోంచి ఊపిరి పీల్చడం సత్యవతి నేర్పింది. మొదటిసారి ఉప్పునీళ్ళు మింగాను. రెండోసారీ అంతే. "తొందరేటి, మెల్లిగా" అంటూ నా మణికట్టు పట్టుకుంది. మూడోసారి ముఖం ముంచి కళ్ళు తెరిస్తే, నా పాదాలు నాకే కొత్తగా కనబడ్డాయి. వాటి పక్కన నీలం చేప ఒకటి పగడాన్ని కొరుకుతోంది. ఆ కొరికే చప్పుడు కూడా వినబడింది.

చాలాసేపు సొర జాడే లేదు. సత్యవతి నా చెయ్యి వదిలి కొంచెం ముందుకు ఈదింది. ఒకచోట ఆగి, నిలబడి, అద్దంలోకి చేరిన నీళ్ళు వంపుకుంటోంది. అప్పుడు వచ్చింది.

దిబ్బ వెనక నుంచి వచ్చింది. ఒక్కటే. తొందర లేదు, ఆగడం లేదు. తోక అటూ ఇటూ కదులుతుంటే ఒళ్ళంతా దాని వెనకే సాగుతోంది. నాకు నాలుగు బారల దూరంలో వెళ్ళింది. నిన్నటి సొరలు మా చేతుల వైపే చూశాయి. ఇది తన దారి తాను చూసుకుంది. అరవాలనుకున్నాను కానీ నోట్లో గొట్టం ఉంది. సత్యవతి తల నీళ్ళలో పెట్టేసరికి అక్కడ ఇసుక మాత్రమే ఉంది.

మరో గంట వెతికాం. రాలేదు. పడవెక్కి తల తుడుచుకుంటూ ఆమె అడిగింది, "మీకేటైనా కనబడ్డాదా?"

లేదనేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఇంత దూరం వచ్చింది ఆమె కోరిక మీద. ఈత నేర్చుకున్నది ఆమె. కానీ ముఖం చూసి అబద్ధం చెప్పలేకపోయాను. "కనబడింది" అన్నాను.

ఆమె తువ్వాలు ఒడిలో పెట్టుకుని సముద్రం వైపు చూసింది. చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. కాసేపటికి ఇటు తిరిగి, "ఉందన్నమాట" అంది. సురాయా తెడ్డు వేస్తూనే నవ్వింది.

మధ్యాహ్నం తిరుగు పడవ కోసం మేం సామాన్లతో వంతెన మీద నిలబడేసరికి విందు పడవ బయల్దేరుతోంది. సురాయా అందులో ఉంది, కాళ్ళ దగ్గర చేపముక్కల పెట్టె. మమ్మల్ని చూసి చెయ్యి ఎత్తింది. మేమూ ఎత్తాం.

ఆ దీవులకు వెళ్ళొద్దని నేను చెప్పను. నీళ్ళు అంత బాగుంటాయి. రిసార్టులో దిగగానే తిండి పెట్టని చోటు ఏదని అడగండి. గైడ్లకు తెలుసు. అడిగేవాళ్ళు పెరిగితే చూపించేవాళ్ళూ పెరుగుతారేమో. చూపించినచోట ఏమీ కనబడకపోవచ్చు. ఆ పొద్దంతా ఖాళీ ఇసుక చూసి రావడానికి సిద్ధపడే వెళ్ళండి. కనబడితే మాత్రం, అది మీ కోసం రాలేదని మీకే తెలుస్తుంది. నాకు ఆ సంగతే ఎంతో హాయిగా అనిపించింది, ఎందుకో సరిగా చెప్పలేను.

రాత్రికి రేవు ఊళ్ళోనే ఉండి మర్నాడు ఉదయం మెర్సింగ్‌లో బస్సెక్కాం. ఊరు దాటి రోడ్డుకి రెండువైపులా పామాయిల్ తోటలు మొదలయ్యాయి. సత్యవతి శాలువ కప్పుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"సెప్పండి" అంది కళ్ళు తెరవకుండానే.

"ఏమిటి?"

"అది ఎలాగ వచ్చిందో."

"నిన్న చెప్పాను కదా, రెండుసార్లు."

"మళ్ళీ సెప్పండి. మొదట్నుంచి."

నేను మాటకారిని కాను. అయినా గొంతు సవరించుకుని, దిబ్బ వెనక నుంచి మొదలుపెట్టాను.