మా మేనత్త భయం

మా మేనత్త పోయింది. ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను కడపలో ఒక సర్కారు ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చొని ఉన్నాను. చేతిలో ఆమె వేలిముద్ర వేసిన అర్జీ ఉంది. తన చేనులో ఉన్న గ్యాసు బోరుకు ఇప్పుడు యజమాని ఎవరో చెప్పండని అందులో అడిగింది. పొద్దున కాఫీ తాగి, ఆయాసంగా ఉందని మంచం మీద వాలిందట. మళ్లీ లేవలేదట. "నువ్వు వచ్చేయ్‌రా, ఆ కాగితం సంగతి మళ్లా చూద్దాం" అన్నాడు బావ. నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఇకమీదట ఆ ఇంట్లో ఆ బోరు గురించి భయపడే మనిషి ఎవరున్నారు అనిపించింది.

అత్త పోతే భయపడటమేమిటని మీరు అనుకోవచ్చు. ఆమె సంగతి తెలిస్తే అనుకోరు.

మా అత్త పిరికిది. ఊరంతా ఆ మాట అనేవాళ్లు, నేనూ అన్నాను. ఉరుము వినబడితే చాలు, టీవీ వైరు పీకేసేది. బస్సెక్కితే తలుపు పక్కనే కూర్చునేది, ఏదైనా అయితే దిగి పరిగెత్తడానికి. నా హైస్కూలు చదువంతా వాళ్లింట్లోనే జరిగింది. బావిలో ఈతకు పోతానంటే వద్దనలేదు గానీ, నా నడుముకు తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకొని గట్టు మీద నిలబడేది. తోటి పిల్లలు ఎనుమును నీళ్లకు తోలుకొచ్చినట్టుందని పడీపడీ నవ్వేవాళ్లు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని. కానీ నాకు ఈత వచ్చింది ఆ తాడుతోనే.

గ్యాసు కంపెనీ మా వైపు వచ్చినప్పుడు నాకు అందులో ఉద్యోగం దొరికింది. భూమి కింద వెతుక్కునే హక్కు కంపెనీ సర్కారు దగ్గర లీజుకు తీసుకుంది. పైనున్న చేను మాత్రం రైతు ఇవ్వాలి కదా, ఆ రైతును ఒప్పించడం నా పని. మెడలో కార్డు, తిరగడానికి జీపు, నోట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు. ముందు ఎవరిని అడుగుతాం? ఇంటి మనిషినే అడిగాను.

"అబ్బీ, లోపల గ్యాసుంటే అది పైకి రాదా?" అంది అత్త.

"రాదత్తా. పెద్ద పెద్ద ఇంజనీర్లు ఉండారు."

"నీకు తెలిసి చెప్తాండావా, వాళ్లు చెప్పినారని చెప్తాండావా?"

నేను నవ్వేశాను. "ఏం కాదులే అత్తా, నేనుండాగదా" అన్నాను. కంపెనీని చూసి కాదు, నన్ను చూసి ఆమె వేలిముద్ర వేసింది.

మా నేల కింద రాయి మహా మొండిది. పైన నాపరాయి, దాని అడుగున నల్లటి పలకరాయి. గ్యాసు ఆ నల్లరాయిలోనే ఉందట, కానీ రాయి దాన్ని వదలదట. రెండు ఎండాకాలాలు మిషన్లు మొత్తుకున్నాయి. అత్త ఇంట్లో వంట బోకులు గూట్లోంచి జారి పడేవి. చివరికి, పెట్టే ఖర్చుకు వచ్చే గ్యాసు చాలదని తేల్చుకొని, కంపెనీ బోరు మూతికి బోల్టులతో ఇనుప తల బిగించి మూసేసి, చుట్టూ కంచె వేసింది. మా వైపు ఉన్న లీజులన్నిటినీ కలిపి ఇంకో కంపెనీకి అమ్మేసుకుంది. ఆ అమ్మకంలో రాళ్లున్నాయి, బోర్లున్నాయి, మా ఉద్యోగాలు మాత్రం లేవు. కాపలా మనిషి కూడా కుర్చీ ఎత్తుకొని వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి కాపలా అత్తదే. వంట సిలిండరు తెచ్చే ఆయన ఒకసారి రెగ్యులేటరు చుట్టూ సబ్బు నురగ పూసి, బుడగ లేస్తే లీకు ఉన్నట్టని చూపించాడట. ఆ విద్యను అత్త చేనులోకి తీసుకుపోయింది. రోజూ పొద్దున్నే చెంబులో బట్టల సబ్బు నురగ, చేతిలో పాత గుడ్డపీలిక. కంచె సందులోంచి దూరి, ఇనుప తల చుట్టూ ప్రతి బోల్టుకూ నురగ పూసి, గొంతుక్కూర్చొని చూసేది. బుడగ లేవకపోతే "ఈ పొద్దుకు ఉండాం" అని చేతులు దులుపుకొని లేచేది. ఇనుముకు నలుగు పెడతాండావా అత్తా అని నేను ఎగతాళి చేశాను. ఆమె గుడ్డపీలిక పిండి చెంబులో వేసుకుంది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున ఫోన్ చేసింది. "అబ్బీ, బుడగ లేస్తాండాది."

నవ్వుకుంటూనే వెళ్లాను. వంగి చూశాను. ఒక బోల్టు పక్కన నురగలో ఆవగింజంత బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. జేబులోంచి ఫోన్ తీయబోతే అత్త నా మణికట్టు పట్టుకుంది. "ఈడ కాదు. దూరం పోయి మాట్లాడు."

రోడ్డు మీదికి వచ్చి పాత కంపెనీకి చేశాను. మేం అమ్మేశాం, కొన్నవాళ్లను అడగమన్నారు. కొన్నవాళ్లను అడిగితే, కాగితాలు ఇంకా మా పేరు మీదికి రాలేదన్నారు. కడప సర్కారు ఆఫీసులో అడిగితే ఫైలు పైకి పోయిందన్నారు. బుడగ మాత్రం లేస్తూనే ఉంది. దాన్ని కొలిచి, ప్రమాదం ఉందనో లేదనో చెప్పడానికి ఒక్క మనిషీ రాలేదు.

అత్త పొయ్యిని ఇంటి అవతలి వైపుకు మార్చింది. గొర్రెలు తోలుకొచ్చేవాళ్ల బీడీలు ఊడబెరికింది. ఒకరోజు బావ విసుక్కున్నాడు. "ఎన్ని దినాలని భయపడతావుమా? ఊర్లో నవ్వుతాండారు."

"నవ్వనీ. భయపడేటోళ్లు ఇంటికి ఒకరన్నా ఉండల్ల. మీరు నిమ్మళంగా పండుకోండి, నేను భయపడతా" అంది.

నన్ను మాత్రం ఆమె ఏనాడూ నిష్ఠూరమాడలేదు. తిట్టినా బాగుండేది. తను పోతే మామ పక్కనే పెట్టమని చాలాసార్లు చెప్పింది. "మీ మామ ఒక్కడే ఉండాడు ఆడ, దాని పక్కన" అనేది. మా వాళ్లు సొంత చేనులోనే పూడుస్తారు. మామను పూడ్చిన చోటు బోరుకు ముప్పై అడుగుల దూరం.

నేను కడప నుంచి వచ్చేసరికి గుంత తవ్వుతున్నారు. గడ్డపార రాయికి తగిలి నిప్పురవ్వ లేచింది. తల తిప్పి చూస్తే డప్పు పలకలు కొట్టేవాళ్లు, వాటి చర్మం కాచుకోవడానికి చేను గట్టున గడ్డి కుప్ప వేస్తున్నారు. ఒకాయన టపాకాయల సరాలు దండల్లా భుజానికి వేసుకొని అగ్గిపెట్టె వెతుక్కుంటున్నాడు. పెద్ద ప్రాణం పోతే మా వైపు టపాకాయలు లేకుండా ఎత్తరు.

ఎట్లా పరిగెత్తానో తెలియదు. గడ్డి కుప్పను కాలితో తన్నేశాను. "ఆపండన్నా! నిప్పు వద్దు! ఒక్కటీ వద్దు!" అని అరిచాను.

"ఏమప్పా, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు ఒక పెద్దాయన. "అంత మంచి మనిషిని చప్పుడు లేకుండా ఎత్తుకపోతారా?"

"నాకు భయమైతాందన్నా. ఈ బోరు తెచ్చింది నేనే. అది పేలుతాదో లేదో నాకు తెలీదు. మీకు తెలుసునా? ఈడ ఎవురికన్నా తెలుసునా?"

టపాకాయలాయన జేబులో వెతుకుతున్న చేతిని బయటికి తీశాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, అంతమంది ముందర. బావ నా భుజం మీద చేయి వేసి, "వాడు చెప్పినట్టే చేయండి" అన్నాడు. అగ్గిపెట్టెలు, బీడీలు, సెల్లుఫోన్లు అన్నీ ఒక గంపలో వేసి రోడ్డు మీదికి పంపించారు. గుంతలో నీళ్లు చల్లి, మన్ను చేతి పారలతో తీశారు. కాచని పలకలు మెత్తగా, తడి గోనె మీద కొట్టినట్టు మోగాయి. నవ్వేవాళ్లు ఎవరూ లేరు. పాడె వెంట అడుగు వేస్తూ వేస్తూ అందరూ ఆ ఇనుప తల వైపే చూస్తున్నారు. మా అత్త ఇన్నాళ్లూ ఒక్కతే మోసిన భయం ఆ సాయంత్రం ఊరందరి ముఖాల్లో కనిపించింది.

ఊదుకడ్డీలు లేవు, కర్పూరం లేదు. మన్ను కప్పడం అయ్యాక బావ తలాపున ప్రమిద పెట్టి, నూనె పోసి, వత్తి వేశాడు. అలవాటుగా అగ్గిపెట్టె కోసం చేయి చాచాడు. ఎవరూ ఇవ్వలేదు. ఆ చేయి కాసేపు అట్లాగే గాలిలో ఉండి, కిందికి దిగింది. వత్తి కొసను మాత్రం వేలితో కొంచెం పైకి సర్దాడు. పొద్దు వాలుతున్న చేనులో వెలగని ఆ దీపం చుట్టూ మేమందరం దండం పెట్టి నిలబడ్డాం. నూనె మెల్లగా వత్తి కొస దాకా పాకింది.