ఇసుక వడగట్టని నీళ్లు

మొన్న మా ఇంటి వెనక మరుగుదొడ్డికి గుంట తవ్వుతుంటే తడి ఇసుక వాసన గుప్పుమంది. నా ఈడు ఆడవాళ్లూ, సముద్రపు ఒడ్డున మన చెలమలు గుర్తున్నాయా? ఇసుకలో గుంట తీసి, ఊరిన తియ్యటి నీళ్లను కొబ్బరి చిప్పతో కడవలోకి తోడుకునేవాళ్లం. ఆ చెలమల పక్కనున్న ఇసుక దిబ్బ వెనకే ఊరంతా దొడ్డికి కూర్చునేది. "ఇసకే వడగడతాదిలే" అనేది మా అమ్మ. ఒక వానాకాలం ఆ మురికంతా చెలమల్లోకి దిగింది. వాంతులూ విరేచనాలూ పట్టుకుని మా తమ్ముడు పోయాడు. నన్ను అక్కా అని పిలవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు.

చూస్తే ఈ కొత్త గుంట మా బోరింగుకు ఆనుకునే ఉంది. పాకే మనవరాలు తాగేది ఆ నీళ్లే.

"ఇక్కడొద్దు నాయనా, అవతల మూలన తవ్వు" అన్నాను మేస్త్రితో.

"ఏంగాదులే అవ్వా. ఇసక నేల గదా, అదే వడగడతాది" అని నవ్వాడు.

"మా అత్తకి అన్నిటికీ బయమే" అంది కోడలు.

"అవునే, బయమే!" అని గుంటలోకి దిగి కూర్చున్నాను. "నన్ను పెట్టి పూడుస్తారో, నేను లేచినాక పూడుస్తారో మీ ఇష్టం."

సాయంత్రానికి అవతల మూలన తవ్వారు. కోడలు నాతో ఇంకా మాట్లాడటం లేదు. బిడ్డ బాగుంటే చాలు, ఎన్నాళ్లైనా అలగనీ.