బెండకాయ పూల మీద ఆఫీసు సీలు

1986లో నన్ను నరసరావుపేటలోని ఒక ఉన్నత పాఠశాలకు డ్రాయింగ్ మాస్టారుగా వేశారు. మూడో ఏడు డిసెంబరులో, ఆ బడికి బొమ్మల మాస్టారు అవసరమా అన్న మహత్తర సందేహం జిల్లా విద్యాశాఖాధికారికి కలిగింది. పోస్టు ఎత్తేస్తే నేను మాచర్ల పోవాలి. నా భార్య ఈ ఊళ్ళోనే బాలికల బడిలో టీచరు. అంటే రెండు ఊళ్ళు, రెండు కాపురాలు. నాకు నిజంగానే భయం వేసింది.

హెడ్మాస్టారు పిలిచి ఉపాయం చెప్పారు. "అయ్యగారికి కొత్త సంవత్సరం కార్డు ఒకటి చేయండి మాస్టారూ. కొట్లో కొన్నది కాదు, మీ చేత్తో చేసింది. అది చూశాక పోస్టు ఎట్టా తీస్తాడో చూద్దాం."

బెండకాయను అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు అచ్చు తయారు. దాన్ని ఆఫీసు స్టాంపు ప్యాడు మీద అద్దకూడదు; ఆ ఊదా సిరా నీళ్ళు తగిలితే పాకుతుంది. అందుకని ప్రింటింగ్ ప్రెస్సు నుంచి నూనె సిరా తెచ్చి అచ్చులు వేశాను. అవి బాగా ఆరాక లోపల నీటి రంగులు నింపాను. కొన్ని పూలు కత్తిరించి, వెనక అట్టముక్కలు పెట్టి, మైదా ఉడికించిన జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించాను. పూలు కార్డు మీద లేచి నిలబడ్డాయి. చివరగా మరో పూత రంగు వేసి, ఆరడానికి హెడ్మాస్టారి బల్ల మీద పెట్టి క్లాసుకు వెళ్ళాను. చాలా గర్వంగా ఉంది.

మా పెద్ద గుమాస్తాగారి నిష్ఠ గురించి చెప్పాలి. సీలు లేని కాగితం ఆయన ఉండగా గడప దాటిన చరిత్ర లేదు. నా కార్డు జిల్లా ఆఫీసుకు వెళ్ళేదని తెలియగానే, గుండ్రసీలు ఊదా ప్యాడు మీద అద్ది, నడిమి పువ్వు మీద దబ్బున గుద్దారు. రేకులన్నీ సాష్టాంగపడ్డాయి. తడి రంగులోకి ఊదా సిరా దిగి పూలూ ఆకులూ ఏకమయ్యాయి. నేను తిరిగొచ్చేసరికి మూలన దబ్బనంతో పొడిచి ట్యాగు కడుతున్నారు.

లబోదిబోమన్నాను.

"సీలు లేకపోతే ఎవరు పంపారో అయ్యగారికి ఎట్టా తెలుస్తది? నీ మేలు కోరే గదయ్యా గుద్దింది!"

పంపవద్దని బతిమాలాను. "టపా రిజిస్టర్లో నెంబరు పడిపోయింది. నెంబరు పడ్డ కాగితం ఆపితే ఆడిటోళ్ళకి నువ్వు చెబుతావా?" అని టపాలో వేసేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. హెడ్మాస్టారు మాత్రం నియమం నియమమే అన్నారు.

జనవరిలో ఉత్తర్వు వచ్చింది: "డ్రాయింగ్ టీచరు పనితనాన్ని పరిశీలించడమైనది. సదరు పాఠశాలకు ఆ పోస్టు అనవసరమని తేలినది."

హెడ్మాస్టారు నా భుజం తట్టి బాధపడ్డారు. "ఏంది మాస్టారూ, కాస్త శుభ్రంగా చేయాల్సింది!"

మాచర్లలో చేరినప్పటి నుంచీ తడి ఆరని బొమ్మను ఆఫీసు గదిలో పెట్టలేదు. అధికారికి చూపాల్సినదాన్ని నేనే బస్సెక్కి తీసుకెళ్ళి చూపించాను. బొమ్మ బాగా వేయడం మా ఉద్యోగంలో సగం. దాన్ని మన మేలు కోరేవాళ్ళ చేతికి చిక్కకుండా చూడటం మిగతా సగం.