మూల చినిగిన కార్డు

మా ఇంటికి ఉత్తరం వచ్చిందంటే ఎవరో చచ్చిపోయారనే అర్థం. పెళ్లికైతే మనిషి వచ్చి బొట్టు పెట్టి పిలుస్తాడు. మిగతా మంచీ చెడూ అంగడికి వచ్చిపోయేవాళ్లే చెప్పేస్తారు. ఒక్క చావుకే కార్డు రాసేవాళ్లు. చదువు రానివాళ్లకు కూడా చేతిలోకి తీసుకోగానే తెలియాలని దాని మూల కొంచెం చించేవాళ్లు. అలాంటి కార్డును గడప దాటనివ్వరు. బయటే చదివించుకుని, చింపి పారేసి, తల మీద నీళ్లు పోసుకుని ఇంట్లోకి వెళ్తారు.

దేవరకొండ దగ్గర మా గొర్లకాపరుల వాడకట్టులో హెచ్చెస్సీ పాసైన మొదటివాణ్ని నేనే. గొప్పకు చెప్పడం లేదు, పోటీకి ఇంకెవరూ లేరు. మా సారు దగ్గర కూర్చోబెట్టుకుని, హైదరాబాదు కాలేజీలో పీయూసీకి నా చేత దరఖాస్తు రాయించాడు. ఇంటర్వ్యూ కార్డు వస్తుందని, ఆ రోజుకు సర్టిఫికెట్లతో అక్కడ ఉండకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారని రెండుసార్లు చెప్పాడు. చెప్పి, సెలవులకు తన ఊరికి వెళ్లిపోయాడు.

ఎండాకాలం మా మంద కృష్ణ ఒడ్డున ఉండేది. "కారటు వచ్చేదాక ఇంట్ల కూసోని ఏం జేస్తవ్? మంద కాడికి రా" అన్నాడు బాపు. వెళ్లేముందు మా అవ్వకు, అంటే బాపు తల్లికి, చెప్పాను, నా చదువు కాగితం వస్తుంది, రాగానే మనిషితో పంపమని. "అట్లనే బిడ్డా" అంది. చదువు కాగితం అంటే నా సర్టిఫికెట్ అంత పెద్దగా ఉంటుందని ఆమె అనుకుందని నాకేం తెలుసు?

అప్పటికి పదిహేను రోజులుగా మా మేనత్త పాలమూరు దవాఖానలో ఉంది. అవ్వకు ఒక్కతే కూతురు. నారాయణపేట దిక్కు ఇచ్చారు. కడుపులో గడ్డ ఉంది, కోసి తీయాలన్నారు. బతుకుతుందో లేదో ఎవరూ తేల్చి చెప్పలేదు.

కార్డు వచ్చింది. దాని ఒక మూల చినిగి ఉంది. సంచిలో నలిగి చినిగిందో, ముద్ర కొట్టేవాడు దురుసుగా లాగాడో నాకు ఇప్పటికీ తెలియదు. టపా మనిషికి తెలుగు, ఉర్దూ వచ్చు. అందులో ఉన్నది ఇంగ్లీషు. "సర్కారుదే అవ్వా, నాకు సమజ్ గాలే" అని చేతిలో పెట్టి వెళ్లిపోయాడట. మీద ఉన్న పేరు మటుకు కూడబలుక్కుని, నాదేనని చెప్పాడట. ఇంట్లో చదవగలిగినవాడి పేరుకే రాస్తారు కదా అనుకుంది అవ్వ. మూల చినిగింది, సర్కారుది, ఇంగ్లీషుది. దవాఖానవాళ్లు కాక ఇంకెవరు రాస్తారు?

ఆమె కార్డును బయట చూరులో దోపి, తల మీద నీళ్లు పోసుకుంది. కృష్ణ దిక్కు పోతున్న బండివాళ్లతో అత్త పోయిందని మాకు కబురు చేసింది. ఆ కబురు మాకు చేరడానికి మూడు రోజులు పట్టింది. మందను పక్కవాళ్లకు అప్పజెప్పి, బాపూ నేనూ రెండు రోజులు నడిచాం. నేను ఏడుస్తూనే నడిచాను. చిన్నప్పుడు నన్ను చంకన దింపకుండా మోసింది మా అత్త.

అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. చూరు వైపు చెయ్యి చూపింది. కార్డు తీసి చదివాను. ఉదయం పది గంటలకు సర్టిఫికెట్లతో హాజరు కావాలి. తేదీ నిన్నటిది. మళ్లీ చదివాను. నిన్నటిదే.

"ఎన్నడు పోయిందట బిడ్డా?" అంది అవ్వ.

"ఎవరూ పోలేదవ్వా. ఇది నా కాలేజీ కార్డు."

బాపు అక్కడే చతికిలబడి, రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు. "నా బిడ్డ బతికే ఉన్నది" అంటూ అవ్వ నా గడ్డం పట్టుకుంది. తర్వాత లేచి పొయ్యి అంటించింది. అయిదు రోజులుగా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదట. తినేటప్పుడు బాపు అడిగాడు, "కాలేజోళ్లు ఎన్నడు రమ్మన్నరు?"

"నిన్న."

బాపు చెయ్యి కంచంలో ఆగిపోయింది. "నేనే గదరా కారటు ఆపింది" అంది అవ్వ. ఫికర్ చేయొద్దని చెప్పి అన్నం తిన్నాను. రుచి తెలియలేదు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. రెండు రోజులు దారిలో ఏడ్చిన కళ్లు అవేనా అనిపించింది.

మర్నాడు బస్సెక్కి హైదరాబాదు పోయాను. కాలేజీ గుమాస్తా కార్డును అటూ ఇటూ తిప్పి, చావు కబురు చల్లగా చెప్పాడు. సీట్లు నిండిపోయాయట, వచ్చే ఏడు చూసుకోమన్నాడు. నేను సరేనన్నాను. ఎందుకు ఆలస్యమైందని అతను అడగలేదు, నేను చెప్పలేదు. మళ్లీ మంద దగ్గరికే వెళ్లాను. మరుసటి ఏడు దరఖాస్తు పెట్టలేదు. సారు తిట్టాడు. తిడుతుంటే వింటూ నిలబడ్డాను.

నెల తర్వాత అత్త కోలుకుని మమ్మల్ని చూడటానికి వచ్చింది. అవ్వ కథంతా చెప్పింది. అత్త కుట్లు నొప్పి పెడుతున్నా పొట్ట పట్టుకుని నవ్వింది. "నేను బతికుండంగనే నా సావుకు ఏడ్సినవా అల్లుడా? దారి పొడుగూతా ఏడ్సినవట గదా. సచ్చినా నాకు రంధి లేదు తీ" అని నా తల దగ్గరికి లాక్కుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తల మాత్రం ఎత్తలేకపోయాను.

నిన్నటి తేదీ చదివిన ఆ ఒక్క క్షణం, ఇది అత్త చావు కబురే అయితే బాగుండునని అనుకున్నాను. ఆమె ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. వచ్చినప్పుడల్లా, తన కోసం ఏడ్చిన అల్లుణ్నని నాకే ముందు వడ్డించమనేది.