ఇల్లు నా పేరు మీదే

మా కాపురం చెడింది పరాయి ఆడదాని వల్ల కాదు, తాగుడు వల్లా కాదు. అద్దెల వల్ల. ఈ మాట చెబితే మా చెల్లెలు ఇప్పటికీ నమ్మదు. "ఇంకేదో ఉందే, దాస్తున్నావు" అంటుంది. ఏమీ లేదు. ఉన్నదంతా ఇదే.

కెనడాలో కిచెనర్ అనే ఊళ్ళో మేం ఇల్లు కొన్న ఏడాది మా ఆయనకి ఏలినాటి శని నడుస్తోంది. వీడియో కాల్‌లో జాతకం చూసిన సిద్ధాంతిగారు, శని వదిలేదాకా స్థిరాస్తి మీ పేరున పెట్టుకోవద్దు, నిలవదు, మీ ఆవిడ పేరున కొనండి అన్నారు. మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. ఆఫీసులో అందరి లాజిక్‌లోనూ తప్పులు పడతాడు. శని దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులు కట్టుకుని నిలబడతాడు. అలా ఇల్లు ఒక్క నా పేరు మీదే రిజిస్టర్ అయింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి పులిహోర వడ్డిస్తూ "ఇల్లు ఆవిడ పేరు మీదేనండీ" అని ఒక్కొక్కరికీ చెప్పుకున్నాడు. ఆడవాళ్ళంతా నా వంక కుళ్ళుకుంటూ చూశారు. నేనూ వెర్రిమొహంలా మురిసిపోయాను. శని సంగతి మాత్రం ఇద్దరం ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత స్టూడెంట్లు వచ్చారు. బస్సులో తెలుగు, కాఫీ షాపు కౌంటర్ వెనకాల తెలుగు, ఎక్కడ చూసినా సూట్‌కేసులు లాక్కుంటూ మన పిల్లలే. పాపం, తల దాచుకోడానికి చోటు దొరికేది కాదు. మా ఆయనకి కనికరం పుట్టింది. ఆ కనికరం మొదట బేస్‌మెంట్‌లో దిగింది. తర్వాత మెట్లెక్కి గెస్ట్ రూమ్‌లోకి వచ్చింది. హాల్లో సోఫా తీయించి పరుపులు వేయించింది. చివరికి ఒకరోజు పూజగది తలుపు దగ్గర టేపు పట్టుకుని కొలుస్తూ, "దేవుళ్ళని వంటింటి అలమరలో పెట్టుకుందాం, ఇక్కడ ఒక మనిషి హాయిగా పడుకోవచ్చు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "దేవుళ్ళు అద్దె కట్టడం లేదనా?" అన్నాను. మాటా మాటా పెరిగింది. ఎప్పటెప్పటివో అన్నీ బయటికొచ్చాయి. "ఈ ఇంట్లో మళ్ళీ అడుగుపెడితే ఒట్టు" అని పాపని, దేవుళ్ళని, ప్రెషర్ కుక్కర్‌ని కారులో వేసుకుని వచ్చేశాను. ఇల్లేమో నాది, బయటికొచ్చిందేమో నేను. కోపంలో ఈ చిన్న విషయం తట్టలేదు.

పాపకి స్కూల్ మారకూడదని ఆ చుట్టుపక్కలే ఒక తెలుగు అంకుల్ వాళ్ళ బేస్‌మెంట్‌లో దిగాను. కొన్నాళ్ళకి మా ఆయన దేశానికి ఆ కొసన ఎడ్మంటన్‌లో జాబ్ చూసుకుని వెళ్ళిపోయాడు. ఇల్లు మొత్తం స్టూడెంట్లకే వదిలేశాడు, అద్దెలు మాత్రం ఆయన ఖాతాలోకే. అమ్మేద్దాం అన్నాను. ఇక్కడ మొగుడూ పెళ్ళాం కాపురమున్న ఇల్లు ఒకరి పేరునే ఉన్నా రెండోవాళ్ళు సంతకం పెట్టందే అమ్మడానికి లేదు. ఆయన పెట్టడు. "శని వెళ్ళేదాకా అమ్మకాలు కూడా వద్దన్నారు సిద్ధాంతిగారు" అన్నాడు. కొనడానికి అడ్డొచ్చిన శనే అమ్మడానికీ అడ్డొచ్చాడు. అద్దెలు వసూలు చేసుకోడానికి మాత్రం పాపం ఏమీ అనలేదు.

లాయర్‌ని కలిస్తే, కోర్టులో తేలేసరికి చాలా కాలం పడుతుందంది. ఈలోగా నా కాంట్రాక్ట్ జాబ్ పోయింది. గ్రాసరీ స్టోర్‌లో పార్ట్ టైమ్ చేరాను. అది తిండికి సరిపోయేది, అద్దెకి కాదు. ఎవరో చెబితే అద్దె సాయం కోసం గవర్నమెంట్ ఆఫీసులో అప్లై చేశా.

అక్కడి ఆఫీసర్ చాలా మర్యాదస్తురాలు. ఈ దేశంలో కుదరదు అనే మాట కూడా ముందు సారీ చెప్పి, నవ్వి, వాతావరణం గురించి మాట్లాడాకే చెబుతారు.

"మీకు సొంతిల్లు ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"ఎవరి పేరున?"

"నా పేరునే."

"అందులో ఎవరుంటున్నారు?"

"స్టూడెంట్లు."

"అయితే మీకు అద్దె వస్తుందన్నమాట."

"వస్తుంది. నాకు కాదు."

ఎందుకు రాదో చెప్పాలంటే శని దగ్గర్నించి మొదలుపెట్టాలి. మొదలుపెట్టాను. జాతకం, గ్రహం, ఏడున్నరేళ్ళు అన్నీ ఇంగ్లిష్‌లో చెప్పుకొచ్చాను. ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, మంచినీళ్ళు కావాలా అని అడిగింది. తర్వాత, ఆస్తి ఉన్నవాళ్ళకి ఈ సాయం కుదరదనీ, అమ్మకానికి పెట్టినట్టు కాగితం తెస్తే మళ్ళీ చూస్తాననీ చెప్పి, "ఈ రోజుల్లో సొంతిల్లు ఉండటం ఎంత అదృష్టం" అంది. ఆ కాగితానికి కావాల్సింది మా ఆయన సంతకం. అమ్మనూ లేను, ఉండనూ లేను, లేదని చెప్పనూ లేను. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఏమిటో ఆ కుర్చీలో కూర్చున్నాకే బాగా అర్థమైంది.

ఇంటికొచ్చి చెబితే అంకుల్ నన్నే తిట్టాడు. "ఇల్లుందని ఎవరు చెప్పమన్నారమ్మా? ఇంత అమాయకత్వం అయితే ఎలా?" ఈయన ఆదివారాలు గుళ్ళో సత్యం గురించి మాట్లాడతాడు, బాగానే మాట్లాడతాడు కూడా. ఆ వారమే మెల్లిగా వచ్చి, "మా బంధువులు వస్తున్నారమ్మా, నెలాఖరుకి ఖాళీ చేస్తే బాగుంటుంది" అన్నాడు.

"అంకుల్, పాప స్కూల్ మధ్యలో ఉంది. మమ్మల్ని ఇప్పుడే ఖాళీ చేయమంటారా?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. రెండ్రోజులకి మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అదే బేస్‌మెంట్ ఫొటో, నలుగురు స్టూడెంట్లకి షేరింగ్ అని. నా కుక్కర్ కూడా ఫొటోలో ఉంది.

ఇక ఇళ్ళ వేట. ఫ్యామిలీ అయితే వద్దు అనేవాళ్ళు. పిల్లలుంటే వేడినీళ్ళు ఎక్కువ ఖర్చవుతాయి అనేవాళ్ళు. నెలాఖరు దగ్గరపడింది. పాప "ఆర్ వి మూవింగ్ అగైన్?" అని ఒకసారి అడిగి ఊరుకుంది. మళ్ళీ అడగకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. అప్పుడు గ్రూపులో ఇంకో యాడ్ వచ్చింది. ఒక రూమ్ ఖాళీ, తెలుగు అమ్మాయిలకి మాత్రమే. ఫొటోలో కర్టెన్లు చూసి గుర్తుపట్టాను. అవి నేను కుట్టినవే.

ఒట్టు తీసి గట్టున పెట్టాను. కొంగు బిగించడానికి చీర లేదు కాబట్టి జాకెట్ జిప్పు బిగించి, పాపని తీసుకుని బయల్దేరాను. అందరినీ వెళ్ళగొట్టి నా ఇల్లు నేను తీసుకోవాలన్నదే మనసులో ఉంది.

తలుపు తీసింది ఒక సన్నటి అమ్మాయి, నిజామాబాద్ వైపు పిల్ల. "చెప్పులు ఇక్కడ ఇడువుండి అక్కా" అంది, నా గడప దగ్గర నాకే చోటు చూపిస్తూ. యాడ్ చూసి రూమ్ కోసం వచ్చామనుకుంది. ఫ్రిజ్‌లో మా అర ఏదో చూపించింది. గిన్నెలు తోమే వంతులు చెప్పింది. స్నానం పది నిమిషాల్లో అయిపోవాలంది.

"ఓనర్ ఎవరు?" అన్నాను.

"సార్ ఎడ్మంటన్‌ల ఉంటరు అక్కా. భార్య లేదంట, పాపం."

"లేదంటే?"

"అడగలే అక్కా, మంచిగుండదని."

బతికుండగానే నాకు తద్దినం పెట్టేశాడు. ఇక పళ్ళు నూరుకుంటూ ఆ పిల్ల వెనకాలే నడిచాను. పూజగది తలుపు తీసింది. లోపల ఒక సన్న పరుపు, గోడవారగా పుస్తకాలు. పరుపు అడ్డదిడ్డంగా, మూలకి వేసి ఉంది.

"ఇదెందుకమ్మా ఇలా వేశారు?"

"ఆ గోడ మీద పసుపు కుంకుమ మరకలున్నయి అక్కా. ఆడ దేవుళ్ళు ఉండేటోళ్ళు అనుకుంట. కాళ్ళు అటు పెట్టొద్దని ఇట్ల ఏసుకున్న. రాత్రి కొంచెం ఇరుకైతది, అంతే."

నా దేవుళ్ళని టేపుతో కొలిచిన మనిషి గుర్తొచ్చాడు. ఈ పిల్లేమో ఖాళీ గోడకి కూడా కాళ్ళు చాపలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఈలోగా పాప పైకి పరుగెత్తి, ఖాళీగా ఉన్న గదిలోంచి "అమ్మా, దిస్ ఈజ్ మై రూమ్! మై ఓన్ రూమ్!" అని అరిచింది. ఆ అమ్మాయి నా వంక చూసింది, నా కళ్ళ వంక చూసింది, తెలివైన పిల్ల, ముఖం పాలిపోయింది.

"అక్కా... మమ్మల్ని ఖాళీ చేయమంటరా?"

అంకుల్‌ని అడిగినప్పుడు నాకు వినిపించిన నా గొంతే అది. నేను ఆయనలా క్యాలెండర్ వంక చూడలేదు. "ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఆ పైగది మాకు కావాలి. అద్దె మాత్రం వచ్చే ఒకటో తారీఖు నుంచి నాకు కట్టండి" అన్నాను. ఫోన్‌లో ఇంటి పన్ను బిల్లు చూపించాను. మా మాటలు విని గదుల్లోంచి వచ్చిన అమ్మాయిలందరూ ఒకరి మీద ఒకరు వంగి నా పేరు చదివారు. ఆ ఇల్లు నా పేరున ఉండటం వల్ల మొదటిసారి ఒక ఉపయోగం కనబడింది.

ఆఫీసర్‌కి ఫోన్ చేసి అప్లికేషన్ తీసేయమన్నాను. ఇల్లు దొరికినందుకు సంతోషించి, అలవాటు కొద్దీ, ఓనర్‌తో ఇబ్బంది లేదు కదా అని అడిగింది. కొంచెం కోపం ఎక్కువన్నాను.

ఒకటో తారీఖు దాటాక మా ఆయన ఫోన్ చేశాడు. "నా అద్దెలు నువ్వెలా తీసుకుంటావు?" అని ఊగిపోయాడు.

"మీకు ఏలినాటి శని కదండీ" అన్నాను. "ఆ ఇంటి డబ్బు మీరు ముట్టుకుంటే నిలవదు. మీ మంచికే."

శని పేరు వినగానే మెత్తబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి, "మరి క్రిస్మస్ సెలవలకి నేను వస్తే ఎక్కడ ఉండాలి?" అన్నాడు.

"రూమ్ ఖాళీ అయితే గ్రూపులో పెడతారు, చూస్తూ ఉండండి" అన్నాను. "కాకపోతే అమ్మాయిలకి మాత్రమే."